బెల్టు కొత్తది, పంపు పాతది

ఆ రోజుల్లో అంటే మరీ ఎడ్లబండ్ల కాలం కాదు లెండి. చేతుల్లో ఫోన్లూ, ఫోన్లలో వాట్సాప్ గ్రూపులూ, గ్రూపుల్లో పొద్దున్నే పూలబొమ్మల శుభోదయాలూ అన్నీ ఉన్న రోజులే. నేను మెకానికల్ ఇంజనీరింగ్ పూర్తిచేసి, ఉద్యోగం రాక, గురజాల దగ్గర మా ఊళ్ళో ఖాళీగా కూర్చున్న రోజులు. ఖాళీగా ఉన్న ఇంజనీరుకి పల్లెటూళ్ళో ఎంత గిరాకీ ఉంటుందో మీకు తెలియంది కాదు. మిక్సీ తిరక్కపోయినా నన్నే పిలిచేవాళ్ళు, పొలంలో మోటారు నీళ్ళెత్తకపోయినా నన్నే పిలిచేవాళ్ళు. నేను వెళ్ళి, దాని చుట్టూ ఒకసారి తిరిగి, నడుం మీద చేతులు పెట్టుకుని, "వైండింగ్ పోయినట్టుంది" అనేవాణ్ణి. (ఏ వస్తువుకైనా వైండింగ్ పోయినట్టుందని చెప్పి చూడండి, చాలాసార్లు నిజమవుతుంది. కానప్పుడు వాళ్ళు ఎటూ మెకానిక్కు దగ్గరికే పోతారు కాబట్టి మన పరువుకేం ఢోకా లేదు.) కాలేజీలో నేను దగ్గర్నుంచి చూసిన ఇంజను ఒకే ఒక్కటి. దాన్ని నిలువునా కోసి, రంగులేసి, పక్కన "ముట్టరాదు" అని బోర్డు పెట్టారు. నేను బుద్ధిమంతుణ్ణి, ముట్టలేదు.

ఇక మా పెదనాన్న. మా ఇంటి పెద్ద, ఊళ్ళో పంచాయితీలు తీర్చే పెద్దమనిషి. ఆయన అసలు పేరు ఓటర్ల జాబితాలో ఉండేది గానీ, జనం నోట్లో మాత్రం ఆయన "చెరిసగం". ఎందుకంటే ఏ తగువు వచ్చినా ఆయన తీర్పు అదే. గట్టు తగువు వస్తే గట్టు చెరిసగం. అన్నదమ్ములు టీవీ కోసం కొట్టుకుంటే ఉదయం ఒకరింట్లో, సాయంత్రం ఒకరింట్లో. ఒకసారి గొర్రె నాదంటే నాదని ఇద్దరు వచ్చారట. ఆ సాయంత్రం రెండిళ్ళలోనూ మాంసం కూర ఉడికిందని మా నాన్న చెప్పేవాడు. (మా నాన్నకి మిరపచేను తప్ప ఇంకో లోకం లేదు. ఈ కథలోకి ఆయన మళ్ళీ రాడు, అదృష్టవంతుడు.) ఆ తీర్పుల్లో న్యాయం ఎంతుందో చెప్పలేను గానీ, ఇద్దరూ సమానంగా ఏడుస్తూ వెళ్ళేవాళ్ళు. దాన్నే పెదనాన్న సంతృప్తి అనేవాడు.

అలాంటి మా ఇంట్లోకి సర్పంచి ఎన్నిక వచ్చిపడింది. ఎన్నో ఏళ్ళుగా పెదనాన్న ఆ కుర్చీ కోసం కాచుక్కూర్చుంటే, తీరా ఆ ఏడాది మా ఊరు మహిళలకి రిజర్వయింది. పెదనాన్న ఒక పూట అన్నం మానేశాడు. రెండో పూట తింటుండగా పెద్దమ్మ కంచంలో పప్పు వడ్డిస్తూ, "నేను నిలబడతా" అంది. పెదనాన్న ముద్ద నోటి దాకా తీసుకెళ్ళి ఆపాడు. "ఏంది నువ్వు నిలబడేది?" అన్నాడు. "కాపరానికొచ్చిన కాడి నించీ నీ పంచాయితీలకి టీలు పెడతన్నా. తలుపెనక నిలబడి ఇని ఇని, నాకూ వొచ్చేసింది ఆ విద్య. ఈ ఒక్కసారి నేను కూచుంటా" అంది పెద్దమ్మ. ఆమె గొంతు ఎప్పుడూ పెంచదు. ఆ రోజు కూడా పెంచలేదు గానీ గరిటె మాత్రం గాల్లోనే ఉంది. పెదనాన్న అలవాటు ప్రకారం తీర్పిచ్చాడు: "సరే. పేరు నీది, మాట నాది." పెద్దమ్మ గాల్లో ఉన్న గరిటెడు పప్పూ ఆయన కంచంలో వేసింది. ఆమెకి ఆ నామినేషన్ ఎంత ముఖ్యమో ఇంట్లో అందరికంటే నాకు బాగా తెలుసు. రోజూ మధ్యాహ్నం నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, పాత కాగితాల మీద తన సంతకం దిద్దుకునేది. ఆమెని ప్రతిపాదించే ఓటరుగా కూడా నన్నే పెట్టుకుంది. "నువ్వు సదూకున్నోడివి, ఏడన్నా తప్పు బోతే సూస్తావు" అని నమ్మకం.

పూజారి గారు పంచాంగమంతా తిరగేసి, ఆమె పేరుబలానికి నప్పే ముహూర్తం ఒక్కటే ఉందన్నారు. అది నామినేషన్ల ఆఖరి రోజు మధ్యాహ్నం. సాయంత్రం అయిదింటికి మండలాఫీసు తలుపులు మూస్తారు. ఆ లోపల చేరకపోతే ఇంక అంతే, పెద్దమ్మ మళ్ళీ తలుపెనక్కే. పైగా సొంత కారులోనే వెళ్ళాలని పెదనాన్న పట్టు. అద్దె కారులో వెళితే అవతలి వర్గం వాళ్ళు నవ్వుతారట. ఆ సొంత కారు నరసరావుపేటలో ఒక డాక్టరు గారి దగ్గర కొన్న పాత తెల్ల డీజిల్ బండి. ఊరేగింపు కోసం దాన్ని తుడవమని నాకు పురమాయిస్తే, ముందు సీటు ఎదురుగా ఉండే అర తెరిచాను. అందులో కోటప్పకొండ విభూతి పొట్లాలు, ఎండిపోయిన నిమ్మకాయ, వాటి అడుగున కొత్త వాసన పోని కంపెనీ పుస్తకం. ఖాళీ మనిషిని కదా, చదివాను. చదవకుండా ఉంటే ఈ పాటికి మా పెదనాన్నకి నామీద గౌరవం ఉండేదేమో.

ఆ పుస్తకంలో టైమింగ్ బెల్టు అని ఒక పేజీ ఉంది. ఇన్ని వేల కిలోమీటర్లకో, ఇన్నేళ్ళకో, ఏది ముందైతే అప్పుడు దాన్ని మార్చాలనీ, పనిలో పనిగా వాటర్ పంపు కూడా మార్చడం మంచిదనీ రాశారు. డాక్టరు గారు మార్చిన దాఖలా లేదు. మేము మార్చలేదు. నేను పరుగున వెళ్ళి, అరుగు మీద గడ్డం గీయించుకుంటున్న పెదనాన్నకి విషయం చెప్పాను. పైదీ కిందదీ కలిపి సమంగా తిప్పే రబ్బరు బెల్టు ఒకటి ఇంజనుకి ఉంటుందనీ, అది పాతబడితే తెగుతుందనీ నా రెండు చేతులూ గుండ్రంగా తిప్పి చూపించాను.

"తెగితే ఏమైద్ది?" అన్నాడు పెదనాన్న నురగలోంచి.

"వాల్వులొచ్చి పిస్టన్లకి గుద్దుకుంటాయి పెదనాన్నా. ఇంజను మొత్తం పోయినట్టే."

"నడుస్తా నడుస్తానా?"

"నడుస్తూ నడుస్తూనే."

"ముందు ఏదన్నా చప్పుడు గట్రా చేసిద్దా?"

"చెయ్యదు. బెల్టు చెప్పి తెగదు."

పెదనాన్న మనసు నొచ్చుకుంది. "ఇదేం పద్ధతిరా! మనూళ్ళో ఎంత పగోడైనా ఒక కేకేసి మీదకొస్తాడు గదా" అన్నాడు. నామినేషన్ రోజు, జనం చూస్తుండగా, కేకైనా వెయ్యకుండా తన కారు చచ్చిపోవడం ఆయన కళ్ళ ముందు కనపడింది. "రెండూ మార్పిద్దాం" అనేసేవాడే, కానీ సరిగ్గా అప్పుడే మా టిప్పర్ మామయ్య వచ్చాడు. ఈయన పెద్దమ్మకి తమ్ముడు. మాచర్ల దగ్గర క్వారీలో టిప్పర్లు తిప్పుతాడు. అక్క ఎన్నికని పనులన్నీ మానుకుని బుల్లెట్ మీద వచ్చేశాడు. సంగతి విని పకపకా నవ్వాడు.

"బావా, నడిచే ఇంజను ఇప్పేది ఏంది? మా టిప్పర్లు ఉండయ్యి. రాళ్ళు మోసీ మోసీ ముసలయ్యిపోయినయ్యి. వాటికి బెల్టూ లేదు, గిల్టూ లేదు. లోపలంతా పళ్ళ చక్రాలే. ఒకసారి బోల్టు కదిలిచ్చామా, ఇంజను లచ్చణం పోద్ది. ఈడు సదివింది పుస్తకం. నేను మోసింది రాయి."

"మామయ్యా, టిప్పరు వేరు, కారు వేరు" అన్నాను.

"నాకు చెబుతుండావా? నువ్వు మొన్న పక్కింటోళ్ళ టార్చిలైటుకి గూడా వైండింగ్ పోయిందన్నావంటగా!" అన్నాడు మామయ్య. (అది అబద్ధం. టార్చిలైటు కాదు, కుక్కరు.)

ఇద్దరి మధ్యా పెదనాన్న ఇరుక్కున్నాడు. అసలు బండి ఎంత తిరిగిందో తేలితే పుస్తకం ప్రకారం పోదామన్నాడు. తీరా చూస్తే మీటరు ఎప్పుడో ఆగిపోయింది. మేము కొన్న నాటి అంకె దగ్గరే భద్రంగా నిలబడి ఉంది. దాంతో రాత్రి భోజనాలయ్యాక కుటుంబమంతా కూర్చుని, కారు కొన్ననాటి నుంచీ ఎక్కడెక్కడికి వెళ్ళామో గుర్తు చేసుకోవడం మొదలుపెట్టాం. పెద్దమ్మ జ్ఞాపకశక్తికి దణ్ణం పెట్టాలి. ఆమెకి ఊళ్ళు గుర్తుండవు, ఎవరు ఎక్కడ వాంతి చేసుకున్నారో గుర్తుంటుంది. "తిరపతి పోయినప్పుడు మీ అత్త నెల్లూరు దాటంగానే కక్కుకుంది. రెండోసారి ఒంగోల్లోనే కక్కుకుంది. అంటే రెండుసార్లు పోయినట్టేగా?" అని ఆధారాలతో సహా చెప్పింది. కోటప్పకొండ తిరనాళ్ళు ఏటా. చిలకలూరిపేట పత్తి మిల్లులకి ఏటా. అంతా సవ్యంగా సాగుతుండగా పిడుగురాళ్ళ వచ్చింది.

"పిడుగురాళ్ళ ఎన్నిసార్లు పోయావయ్యా?" అంది పెద్దమ్మ.

"ఏదో, అప్పుడప్పుడూ."

"పేకాటకి పోయినయ్యి కలిపా, కలపకుండానా?"

పెదనాన్న గొంతు సవరించుకున్నాడు. మామయ్య పైకప్పు చూశాడు. ఆ తర్వాత చాలాసేపు లెక్క కారు గురించి జరగలేదు. చివరికి పెదనాన్న చేతులెత్తి, "నువ్వు చానా అంటన్నావు, నేను కొంచెం అంటన్నా. చెరిసగం చేసెయ్యండి" అన్నాడు. చేశాం. కూడితే వచ్చిన అంకె పుస్తకంలో రాసిన హద్దు మీదికి సరిగ్గా వచ్చి కూర్చుంది. మార్చాలో వద్దో దేవుడే చెప్పాలి.

ఈ సంగతి గడప దాటకూడదని పెదనాన్న అందరి చేతా ఒట్టు వేయించుకున్నాడు. మన కారు బలహీనత అవతలి వర్గానికి తెలిస్తే ఇంకేమన్నా ఉందా! మర్నాడు పాలు పోయించుకోవడానికి వచ్చిన పిన్ని మొదటి మాటే, "బెల్టెట్టా ఉంది బావా?" ఇంక చూడండి, జాతర. ఊరి జనం ఆసుపత్రిలో రోగిని చూడటానికి వచ్చినట్టు వచ్చి, కారు చుట్టూ నిలబడి, నిట్టూర్చి పోవడం మొదలుపెట్టారు. ఒకాయన బానెట్ మీద చెవి ఆనించి, "లోపల ఏదో మూలుగుతుంది" అన్నాడు. అప్పటికి ఇంజను ఆన్ చెయ్యలేదు. ఒక అవ్వ పసుపునీళ్ళు చల్లి, మిరపకాయలు దిష్టి తీసింది. ఇవన్నీ ఒక ఎత్తు. మధ్యాహ్నం అవతలి వర్గం నాయకుడు స్వయంగా మోటారు సైకిలు ఆపి, "బావా, ఎందుకొచ్చిన తంటా, బెల్టు మార్పిచ్చెయ్" అని వెళ్ళాడు. పెదనాన్న మొహం పాలిపోయింది. "వాడు మార్చమన్నాడంటే, మార్చగూడదన్నమాట" అన్నాడు. మామయ్య గెలిచినట్టు నా వంక చూశాడు. నేను ఊరుకుంటానా? "నువ్వట్టా అనుకోవాలనే అట్టా చెప్పాడేమో పెదనాన్నా" అన్నాను. పెదనాన్న తల పట్టుకుని అరుగు మీద కూలబడ్డాడు. పెద్దమ్మ లోపల్నుంచి, "ఎవురేమన్నా పర్లేదు గానీ, నన్ను అయిదింటి లోపల ఆడ దించండి చాలు" అంది. ఆమె మాట అంత పెద్ద రాజకీయం మధ్య ఎవరికి వినపడుతుంది?

చివరికి బండిని నరసరావుపేటలో రిపేరు షెడ్డుకి తీసుకెళ్ళాం. అక్కడి మేస్త్రికి "చూద్దాం" అని పేరు. పనిమంతుడే, కాకపోతే ఏ మాటా తన మీదికి రానివ్వడు. పక్క మూత తీసి, టార్చి వేసి, చాలాసేపు చూశాడు.

"ఎట్టా ఉంది?" అన్నాడు పెదనాన్న.

"ఉంది."

"ఎన్నాళ్ళుంటది?"

"ఉన్నన్నాళ్ళూ ఉంటది."

"మార్చమంటావా?"

"మార్చినా మంచిదే."

"మార్చకపోతే?"

"చూద్దాం."

నేను వాటర్ పంపు సంగతి అడిగితే మాత్రం, "అది బెల్టు ఎనకాలే ఉంటది. బెల్టు కోసం ఎటూ అంతా ఇప్పుతాం గాబట్టి, మళ్ళీ ఇప్పే పనిలేకండా పంపు గూడా ఏసేసుకుంటారు జనం" అన్నాడు. ఆయన జన్మలో అంత పొడుగు వాక్యం మాట్లాడలేదని అక్కడ పనిచేసేవాళ్ళు తర్వాత చెప్పారు. నేను చంకలు గుద్దుకున్నాను. మామయ్య మాత్రం, "జనం ఏసుకుంటారన్నాడు గానీ, మనల్ని ఏసుకోమన్లేదుగా" అని అడ్డుపడ్డాడు.

ఇక లాభం లేదని పెదనాన్న పంచాయితీ పెట్టాడు. నిజం పంచాయితీ. అరుగు మీద చాప, పెద్దమనుషులు, మంచినీళ్ళ చెంబు, అన్నీ. మా దగ్గర పద్ధతేమిటంటే, తీర్పుకి కట్టుబడి ఉంటామని రెండు పక్షాలూ ముందే ఏదో ఒకటి పెద్దమనుషుల దగ్గర పెట్టాలి. నేను నా ఫోను పెట్టాను. మామయ్య బుల్లెట్ తాళం పెట్టాడు. నేను లేచి నిలబడి క్రాంకు, క్యాము, కూలెంటు అంటూ ఇంగ్లీషులో ఒక ఉపన్యాసమిచ్చాను. ఒక పెద్దాయన మధ్యలో కునుకు తీశాడు. మామయ్య లేచి ఒక రాయి కథ చెప్పాడు. క్వారీలో ఎంత పెద్ద రాయి ఎంత పాత టిప్పరు మోసిందో చేతులు చాపి చూపించాడు. జనం ఆహా అన్నారు. పెద్దమ్మ టీలు తెచ్చి, వంగి గ్లాసులు పెడుతూ, "ఎటూ ఇప్పుతుండారుగా, రెండూ ఒకసారే మార్పిస్తే పోద్దిగా?" అంది. "పంచాయితీ మధ్యలో మాట్లాడబాకే" అన్నాడు పెదనాన్న. ఆమె ఖాళీ పళ్ళెం తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

పెదనాన్న కళ్ళు మూసుకుని, తెరిచి, తీర్పు చెప్పాడు. "అబ్బాయేమో రెండూ మార్చాలంటన్నాడు. బావమరిదేమో రెండూ మార్చొద్దంటన్నాడు. ఇద్దరూ మనోళ్ళే. ఎవుర్నీ నొప్పిచ్చేది లేదు. బెల్టు మార్చాలి, పంపు మార్చగూడదు. చెరిసగం." అందరూ "న్యాయం, న్యాయం" అన్నారు. సిగ్గులేకుండా చెబుతున్నాను, నేను కూడా సంతోషించాను. బెల్టు నా వంతు, పంపు మామయ్య వంతు. ఇద్దరం కరచాలనం చేసుకున్నాం. ఒక ఇంజను లోపలి సామాన్ని పొలం గట్టులా పంచుకోవచ్చా అన్న అనుమానం మెకానికల్ ఇంజనీరునైన నాకు ఆ క్షణాన రాలేదు. మేస్త్రికి చెబితే, "పంపు ఒద్దా?" అని రెండుసార్లు అడిగాడు. "తీర్పైపోయింది" అన్నాడు పెదనాన్న. "చూద్దాం" అన్నాడాయన, ఈసారి ఎక్కడో దూరంగా చూస్తూ.

కొత్త బెల్టుతో బండి బ్రహ్మాండంగా నడిచింది. నేను కాలరెగరేసుకుని తిరిగాను, పాత పంపు కూడా బాగానే ఉందని మామయ్యా తిరిగాడు. నామినేషన్ రోజు వచ్చింది. ముందు డప్పులు, వెనక మోటారు సైకిళ్ళు, ట్రాక్టర్లు, మధ్యలో మా కారు. బానెట్ మీద బంతిపూల దండలు, ఇంజనుకి గాలి వెళ్ళే జాలీకి అడ్డంగా ఒక పెద్ద ఫ్లెక్సీ. అందులో పెదనాన్న నిలువెత్తు బొమ్మ, మూలన పావుఠావంత పెద్దమ్మ. డ్రైవరు సీట్లో నేను, పక్కన మెడలో పూలదండతో చెయ్యి ఊపుతూ పెదనాన్న, వెనక మామయ్య, ఆయన పక్కన ఒళ్ళో కాగితాల సంచి పెట్టుకుని పెద్దమ్మ. ఆకుపచ్చ పట్టుచీర కట్టింది. సంచిని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. డప్పులవాళ్ళు ఆడుతూ నడుస్తుంటే వాళ్ళ వెనక ఫస్టు గేర్లో, ఎద్దు నడక కంటే నిదానంగా పోతున్నాం. గాలి లేదు, వేగం లేదు. ఊరు దాటి సగం దూరం వెళ్ళేసరికి వేడి చూపించే ముల్లు పైకి లేవడం మొదలుపెట్టింది.

"పెదనాన్నా, వేడెక్కుతుంది" అన్నాను.

"ఎన్నికలన్నాక వేడెక్కదా మరి!" అన్నాడు జనానికి నమస్కారాలు పెడుతూ.

ఇంకాసేపటికి పెదనాన్న బొమ్మ వెనక నుంచి పొగ లేచింది. జనం అది కూడా ఏర్పాటేననుకుని ఈలలు వేశారు. నేను కారు పక్కకి తీసి ఆపాను. అది మిరపకాయలు ఆరబోసిన కల్లం పక్కన. బానెట్ ఎత్తితే ఉడుకునీళ్ళు బుసలు కొడుతూ కొత్త బెల్టు మీద కారుతున్నాయి. కొత్త బెల్టు బిగువుకి పాత పంపు తట్టుకోలేకపోయింది. కల్లంలోంచి వచ్చే మిరప ఘాటుకి డప్పులవాళ్ళతో సహా అందరం తుమ్ముతున్నాం.

"చెప్పానా! ఇప్పబట్టే ఇట్టా అయ్యింది!" అన్నాడు మామయ్య, తుమ్మి.

"పంపు మార్చకబట్టే ఇట్టా అయ్యింది!" అన్నాను నేను, తుమ్మి.

"ఆగండెహె!" అన్నాడు పెదనాన్న. "ముందు తప్పెవురిదో తేలాలి. కారు సంగతి తరవాత." ఇంకేముంది, రోడ్డు మీదే పంచాయితీ మొదలైంది. ట్రాక్టర్ల మీది జనం దిగి మా చుట్టూ మూగారు. కొందరు బెల్టు వైపు, కొందరు పంపు వైపు అయ్యారు. ఎవరో పాత తీర్పు తిరగదోడాలన్నారు. నేను ఒక పుల్ల తీసుకుని, రోడ్డు పక్క మట్టిలో ఇంజను బొమ్మ గీసి, నీళ్ళు ఎటు నుంచి ఎటు పోతాయో బాణం గుర్తులతో వివరించడం మొదలుపెట్టాను. జీవితంలో మొదటిసారి నా చుట్టూ అంతమంది నిలబడి నేను చెప్పేది వింటున్నారు. మామయ్య నా బొమ్మని కాలితో చెరిపేశాడు. నేను మళ్ళీ గీశాను. పెదనాన్న ఇద్దరికీ సమంగా సమయం ఇచ్చాడు.

ఎంతసేపు గడిచిందో తెలియదు. డప్పు కొట్టే ఆయన నెమ్మదిగా జనంలోకి దూరి, "అయ్యా, మరి అమ్మగారేరీ?" అన్నాడు.

అందరం కారు వంక చూశాం. వెనక తలుపు తెరిచి ఉంది. సీటు ఖాళీ. పెద్దమ్మ లేదు, సంచి లేదు. పెదనాన్న కల్లం అంతా పరికించాడు, గట్టు వెనక చూశాడు, చివరికి వంగి కారు కింద కూడా చూశాడు. (ఎందుకో ఆయనకే తెలియాలి.) ఒక మోటారు సైకిలు కుర్రాడు అప్పుడు చెప్పాడు: "మిరప కోతలోళ్ళ ఆటో ఇటుగా పోతుంటే ఎక్కిపోయిందిగా. మీరు సూళ్ళేదా?"

"ఆటోలోనా! ఊరేగింపొదిలేసి!" అన్నాడు పెదనాన్న. అంతలోనే ఆయనకి ఇంకోటి తట్టింది. నా జబ్బ పట్టుకుని, "ఒరేయ్, ప్రతిపాదిచ్చేది నువ్వు గదంట్రా! నువ్వు ఈడ బొమ్మలేస్తుంటే ఆడ సంతకం ఎవుడు పెడతాడు?" అని అరిచాడు.  పెద్దమ్మ మధ్యాహ్నాలు దిద్దుకున్న సంతకం గుర్తొచ్చి నిజంగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. (మిరప ఘాటు వల్ల ఎవరూ గమనించలేదు.) ముగ్గురం మరో కుర్రాడి బండి లాక్కుని, ఒకరి మీద ఒకరం ఎక్కి, మండలాఫీసుకి పరిగెత్తించాం. పెదనాన్న మెడలోని దండ గాలికి లేచి నా కళ్ళకి అడ్డం పడుతూనే ఉంది.

మేం చేరేసరికి ఆఫీసు తలుపులు మూస్తున్నారు. మెట్ల మీద పెద్దమ్మ కూర్చుని ఉంది. పట్టుచీర నిండా దుమ్ము. చుట్టూ తలగుడ్డలు చుట్టుకున్న కోతల ఆడవాళ్ళు. ఎవరో కొనుక్కొచ్చిన బఠాణీలు అందరూ పంచుకుని తింటున్నారు.

"మీ పంచాయితీ తెగిందా?" అంది పెద్దమ్మ.

"నామినేషనేమైంది?" అన్నాడు పెదనాన్న రొప్పుతూ.

"ఏశాగా."

"ఈడు లేకండా ఎట్టా? ఎవురు సంతకం పెట్టింది?"

"ఇదిగో, మన ముఠామేస్త్రి పెట్టింది" అని పక్కనున్నామెని చూపించింది. "మనూరిదేగా, ఓటు లేదా ఏంది దానికి?" ఆ ముఠామేస్త్రి మా ముగ్గురి వంకా చూసి, "మీకేం పనుందోనని పిలవలేదు బావగారా" అంది. ఆడవాళ్ళందరూ నవ్వారు. పెదనాన్నకి ఆ నవ్వు గుచ్చుకుంది. "అది కాదే, కాసేపు ఆగితే మేమే ఏదో ఒకటి తేల్చి..." అని మొదలుపెట్టాడు. అప్పుడు పెద్దమ్మ లేచి నిలబడింది.

"ఏం తేలుస్తావు? చెరిసగమేగా! కాశీ తీసుకుపొమ్మంటే అమరావతి తీసుకుపోయి, ఇక్కడా శివుడేగా అన్నావు. వొంటింటికి కిటికీ పెట్టమంటే ఒక రెక్కే పెట్టావు. పుట్టింటికి పదిరోజులు పోతానంటే అయిదోనాటికి బండి పంపావు. ఏనాడన్నా ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, నిండుగా ఇచ్చావా నాకు? ఇయ్యాల బెల్టు మార్పిచ్చి పంపు ఆపావు. నేను గూడా సగం నామినేషన్ ఏసి రావాలా ఏంది?"

ఆఫీసు గుమస్తా తలుపు మూయబోయినవాడు మూయడం ఆపి వింటున్నాడు. పెదనాన్న  మెడలోని దండ తీసి చేత్తో పట్టుకుని, ఎక్కడ పెట్టాలో తెలియక అటూ ఇటూ చూసి, చివరికి పెద్దమ్మ మెడలో వెయ్యబోయి, అంతమంది ఆడవాళ్ళ ముందు సిగ్గేసి ఆమె చేతికిచ్చాడు. "రేపే పంపు గూడా మార్పిస్తాలే" అన్నాడు గొణుగుతూ. "పంపొక్కటే ఏంది? నీళ్ళు పడి నానిన బెల్టు గూడా మళ్ళీ మార్చాలంట. ఆటో ఆయన చెప్పాడు" అంది పెద్దమ్మ. మామయ్య ఏదో అనబోతే నేనే ఆయన కాలు తొక్కాను.

పెద్దమ్మ గెలిచింది. కోతల ఆడవాళ్ళ ఓట్లు గంపగుత్తగా ఆమెకే పడ్డాయి. "పేరు నీది, మాట నాది" అన్న ఒప్పందం మొదటి మీటింగు దాకా కూడా బతకలేదు. నాకు ఆ తర్వాత మద్రాసులో ఉద్యోగమొచ్చింది. మొదటిసారి సెలవుకి వచ్చినప్పుడు ఆ రోజు సంగతి ఎత్తి, "నన్నొదిలేసి ఎట్టా పోయావు పెద్దమ్మా?" అని నిష్ఠూరమాడాను. ఆమె చిక్కుడుకాయలు తుంపుతూ నవ్వింది. "ఒదిలేసేదేంది? ఆటోలో ఇంకొక మనిషికి చోటుంటే, నువ్వు కూచుంటావని జరిగి కూచున్నా. ఒరేయ్ రారా, సంతకం పెట్టాలి అని రెండు కేకలేశా. నువ్వు తలెత్తితే గదా! నేలమీద ఏందో గీస్తుండావు."

ఏం గీస్తున్నానో నాకు బాగా గుర్తుంది. రేడియేటరు నుంచి పంపుకి, పంపు నుంచి ఇంజనుకి నీళ్ళు పోయే దారి. ఎర్రటి కల్లం పక్కన గొంతుక్కూర్చుని, తుమ్ముతూ, పుల్లతో బాణం గుర్తులు పెడుతున్న ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, కాస్త జాలీ వేస్తుంది. బొమ్మలో ఒక్క తప్పు లేదు పాపం.